ముందు దిండు గలీబు, ఆ తర్వాతే కంచిపట్టు

కట్టుకోగలిగిన చీరను కోయకూడదు. కట్టుకోలేని చీరను దాచకూడదు. ఈ రెండో మాట దగ్గర మా ఇంట్లోవాళ్లతో పేచీ, మొదటి మాట దగ్గర ఊళ్లో సగం మందితో పేచీ.

ఊరంటే చెన్నై. ఇక్కడ డిసెంబర్ వచ్చిందంటే సంగీత సభలతో పాటు ఎగ్జిబిషన్లూ మొదలవుతాయి. ఆళ్వార్‌పేట, మైలాపూర్ వైపు ఏ హాల్లోకి వెళ్లినా ‘వింటేజ్’ అని బోర్డు పెట్టిన స్టాల్ ఒకటైనా తగులుతుంది. కంచిపట్టు చీరలు కోసి కుట్టిన జాకెట్లు, చేతిసంచులు, కుషన్ కవర్లు, ల్యాప్‌టాప్ కవర్లు అక్కడ వేలాడుతుంటాయి. కుక్క మెడకు కట్టే బో కూడా చూశాను. జరీ అంచుతో! ఆ కుక్కకు పెళ్లి కుదిరిందేమో తెలియదు. అడిగితే ‘పారేసే చీరను కాపాడుతున్నాం మేడమ్’ అంటారు. దగ్గరికి వెళ్లి తడిమి చూస్తే ఆ పట్టు గట్టిగా, బరువుగా ఉంటుంది. ఎక్కడా చివకలేదు, జరీ నల్లబడలేదు. పారేసే చీర ఎవరిదో, ఎవరు పారేస్తానన్నారో నాకు అర్థం కాదు.

నేను కత్తెరకు దూరంగా ఉండే మనిషిని కాను. పాతబట్ట కంటబడితే వదలను. మా ఇంట్లో దిండు గలీబులు, కూరగాయల సంచులు, కుర్చీ మెత్తలు, మిక్సీ మీద కప్పే గుడ్డ, పిల్లల ఆర్ట్ క్లాసు ఏప్రన్లు అన్నీ ఇంకో జన్మలో ఇంకేదో అయినవే. కోయడం మీద నాకు పట్టింపు లేదు. దేన్ని, ఎప్పుడు కోస్తున్నామన్నదే నా గొడవ.

గజాల లెక్కన తానులోంచి చింపి ఇచ్చే గుడ్డలాంటిది కాదు కంచిపట్టు చీర. ఆరు గజాలకూ కలిపి ముందే ఒక లెక్క వేసుకుని మగ్గం ఎక్కిస్తారు. కోర్వై పద్ధతిలో నేసేటప్పుడు మధ్య భాగానికి ఒక నాడె (అడ్డపోగును అటూ ఇటూ నడిపే పనిముట్టు), రెండు వైపులా అంచులకు ఒక్కో నాడె, మొత్తం మూడు నాడెలు ఆడతాయి. మధ్య రంగు పోగు, అంచు రంగు పోగు ప్రతి వరుసలోనూ ఒకదాన్నొకటి మెలివేసుకుని వెనక్కి తిరుగుతాయి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. కొంగు రంగు మారేచోట పెట్నీ అనే పద్ధతిలో పాత పడుగు పోగులకు, అంటే నిలువు పోగులకు, కొత్త రంగు పడుగు పోగులు తగిలిస్తారు. పాత చీర ఉంటే ఆ చోట వేలితో తడిమి చూడండి, సన్నటి గట్టులా తగులుతుంది. కంచిలో ఈ పని చేసినవాళ్లలో ఆంధ్ర వైపు నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన దేవాంగులు కూడా ఉన్నారు. మన చుట్టాల పనే అనుకోండి.

అందుకే అంచుకూ ఒంటికీ ఉన్న కొలత, కొంగుకు ఎంత దూరంలో బుటా మొదలైంది, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారు అన్నవన్నీ చీర మొత్తంగా ఉంటేనే తెలుస్తాయి. 1936లో చెన్నైలో కళాక్షేత్ర అనే నాట్య, సంగీత విద్యాలయాన్ని మొదలుపెట్టిన రుక్మిణీదేవి అరుండేల్ అక్కడే మగ్గాలు కూడా పెట్టించి, పాతకాలపు అంచులనూ రంగుల జోడింపులనూ తిరిగి నేయించారు. కళాక్షేత్ర చీర అంటే వెడల్పాటి అంచు అని ఇప్పటికీ చెన్నైలో అందరికీ తెలుసు. అలాంటి పని మళ్లీ ఎవరైనా చేయాలనుకుంటే చేతికి నిండు చీర దొరకాలి. పద్దెనిమిది అంగుళాల కుషన్ కవర్ చూసి ఏ నేతగాడూ ఆ చీరను మళ్లీ లెక్క కట్టలేడు.

‘అయితే బీరువాలో పెట్టి పూజ చేయమంటావా?’ అని మా వదిన అడిగింది. వద్దు వదినా, అస్సలు వద్దు. బీరువాలో చీర భద్రంగా ఉంటుందనుకోవడం మన భ్రమ. చెన్నై గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచిన పట్టు ఆ మడత దగ్గరే పిగులుతుంది. జరీలో ఉన్న వెండి గాలికి నల్లబడుతుంది. ఇవి నెమ్మదిగా జరిగేవి. ఒక్క రాత్రిలో జరిగేవీ ఉన్నాయి. 2015 డిసెంబర్ వరదల్లో అడయారు ఒడ్డున గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో బీరువా కింది అరలు నీళ్లలో నానాయి. కోట్టూరుపురంలో ఉండే మా పిన్నివాళ్ల ఇంట్లో కుంకుమ రంగు చీర రంగు వదిలి, దాని కింద ఉన్న గంధం రంగు చీర, దాని కింద ఉన్న తెల్ల వెంకటగిరి అన్నీ ఎక్కడికక్కడ ఎర్రబడ్డాయి. ‘మీ పెళ్లిళ్లకు కడదామని ఉంచానే’ అని పిన్ని ఒకటే బాధ. మా పెళ్లిళ్లు అయ్యి అప్పటికి చాలా ఏళ్లు. 2023 డిసెంబర్ తుఫానుకు ఇంకో ప్రాంతంలో ఇంకెన్ని బీరువాలో.

కాబట్టి చీరను బతికించాలంటే కట్టుకోవాలి. లేదా కట్టుకునేవాళ్లకు ఇవ్వాలి. ‘పాత చీర ఇస్తే ఏమనుకుంటారో’ అని జంకు ఉంటుంది గానీ, ఇప్పటి పిల్లలు అమ్మమ్మ చీర అంటే ఎగిరి గంతేస్తున్నారు. అమ్మదలిస్తే నిండు చీరగా అమ్మాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని మన వీధుల్లో తిరిగేవాళ్లకూ పేపర్లో ప్రకటన ఇచ్చేవాళ్లకూ కావలసింది చాలా వరకు జరీలోని వెండి. చీరను కాల్చి వెండి తీస్తారు. బంగారం కోసం అనుకుంటారు చాలామంది. అసలు జరీలో కూడా బంగారం వంతు ఒక శాతానికి లోపే, పైన పూత మాత్రమే. కంచి అసలు జరీ అవునో కాదో చూడాలంటే కొస దగ్గర జరీ పోగును గోటితో గీకండి, లోపల ఎర్రటి పట్టుదారం కనబడాలి. అది చూసుకోకుండా బేరానికి దిగొద్దు. ఆ అగ్గిలో వేసే బదులు కుషన్ కవర్ కుట్టడమే నయం, అంతవరకు స్టాల్ వాళ్లతో నాకూ ఒప్పందమే.

ఇక మడతల దగ్గర చీలిపోయిన చీర. దీన్ని నిస్సంకోచంగా కోయండి. ఏడుస్తూ కూర్చోవద్దు. ముందు వెలుతురుకు పట్టి చూడండి, సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు కనబడితే ఆ భాగం పనికిరాదు. రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగండి, పోగులు విడిపోతే అదీ పనికిరాదు. సాధారణంగా కూర్చునే చోట, కుచ్చెళ్లు దోపుకునే చోట, చంకల కింద చెమట పట్టే చోట పట్టు ముందు పోతుంది. కొంగు, లోపలి కుచ్చెళ్ల భాగం, పై అంచు గట్టిగా మిగులుతాయి. మిగిలిన దానికి వెనక పలచటి నూలు లైనింగ్ తప్పనిసరి. మిషన్‌కు పదకొండో నంబర్ సూది, అదీ కొత్తది. కుట్టు పొడవు పెంచుకోవాలి, దగ్గర దగ్గర కుట్లు పడితే తపాలా బిళ్ల చింపినట్టు ఆ గీత మీదే చిరుగుతుంది. మా వీధి మొగలో చెట్టు కింద మిషన్ వేసుకుని ఆల్టరేషన్లు చేసే టైలర్ నా పాత పట్టు ముక్కలను చూస్తే ముందు చేయి పెట్టడు. ‘కుట్టు నిలబడదు అక్కా, తర్వాత నన్నంటారు’ అంటాడు. లైనింగ్ టాకాలు వేసి తీసుకెళ్తే మాత్రం మారు మాట్లాడకుండా కుట్టి ఇస్తాడు. అతని భయం న్యాయమైనదే. అందుకే పాత పట్టుతో లాగుడు పడే వస్తువు ఏదీ కుట్టకూడదు. తాంబూలం సంచి, పుస్తకం అట్ట, దేవుడి గది గుమ్మం తోరణం, నూలు కర్టెన్‌కు అంచు, ఇవి సరిపోతాయి. ల్యాప్‌టాప్ బరువు మోసే సంచి సరిపోదు. స్టాల్లో కొన్న సంచి ఆర్నెల్లకే పిగిలిందని మా స్నేహితురాలు చూపించింది. మళ్లీ అదే చెత్తబుట్ట. కాపాడింది ఏమిటట?

కానీ పట్టు గురించి ఇంతసేపు మాట్లాడటమే నాకు చిరాకు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. దిండు గలీబుకు మాసిక వేయడం రానివాళ్లు ఏకంగా అమ్మమ్మ పెళ్లిచీర మీద కత్తెర పెడుతున్నారు. అసలు పాతబట్ట విద్య అంతా ఉన్నది నూలులో.

మా అమ్మమ్మ కాలంలో నెల్లూరు ఇంట్లో ఒక నూలు చీర ప్రయాణం చూడండి. కొత్తగా ఉన్నప్పుడు పేరంటానికి. రంగు తగ్గాక ఇంట్లో కట్టుకోవడానికి. అడుగున అంచు నలిగితే ఆ అంచు తీసేసి ఆడపిల్లకు పరికిణీ. మెత్తబడ్డాక ఎవరికైనా కాన్పయితే పొత్తిగుడ్డలు, ఆపైన చీర ఉయ్యాల. పసిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ గరుకు, నాలుగేళ్లు ఉతికిన నూలు అంత మెత్తన ఇంకేదీ ఉండదు. ఇంకా చివికితే బొంత లోపలికి. నాన్నగారి పంచెలైతే వేసవిలో మేడ మీద వడియాలు పెట్టుకోవడానికి, ఇడ్లీ పళ్లెం మీద పరుచుకోవడానికి, కొబ్బరిపాలు వడకట్టడానికి. అన్నీ అయ్యాక మసిగుడ్డ. దీనికి ఎవరూ పేరు పెట్టలేదు, స్టాల్ వేయలేదు.

బొంత దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దాని లెక్క తెలిస్తే మిగతావన్నీ తెలిసినట్టే. నేల మీద ముందు గట్టి చీర పరుస్తారు. దాని మీద చివికినవి, చిరిగినవి, ముక్కలు, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఇంకో ముక్క. అన్నిటి మీద మళ్లీ ఒక గట్టి చీర. నాలుగు వైపులా లోపలికి మడిచి పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా చేస్తారు. తర్వాత అంచు నుంచి మధ్యకు వరుసలు వరుసలుగా చేతికుట్టు. ఆ చివికిన గుడ్డకు సొంతంగా బలం లేదు, వందల కుట్లు బరువును పంచుకుంటాయి గనుక అది ఇంకో పదేళ్లు బతుకుతుంది. బెంగాల్ కాంథాలోనూ, మహారాష్ట్ర గోధడీలోనూ, కర్ణాటకలో సిద్దీ స్త్రీలు కుట్టే కవందీలోనూ సూత్రం ఇదే. కవందీకి ఇప్పుడు మ్యూజియంల మర్యాద దక్కుతోంది. మన బొంతకు మాత్రం ‘అతుకుల బొంత’ అన్న తిట్టు దక్కింది.

చెన్నై ఎండకు బొంత ఎందుకంటారా? ఏసీ గదిలో కప్పుకోవడానికి రెండు చీరల బొంత చాలు, మధ్యలో ఏమీ పెట్టనక్కర్లేదు. చాప మీద పరుచుకోవడానికైతే నాలుగు పొరలు. అంతకు మించి వద్దు, ఉతికినప్పుడు నీళ్లు తాగి వాషింగ్ మెషిన్ మోయలేనంత బరువవుతుంది. సింథటిక్ చీర కలపొద్దు. నూలు ముడుచుకుంటుంది, అది ముడుచుకోదు, రెండు ఉతుకులకు బొంత అప్పడంలా వంకర తిరుగుతుంది.

రంగు సంగతి కూడా చూసుకోవాలి. చెన్నైలో ఉంటూ మద్రాసు గళ్ల లుంగీ తెలియదంటే కుదరదు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈస్టిండియా కంపెనీ ఈ ఇసుక నేల తీసుకున్నదే బట్టల వ్యాపారం కోసం. ఆ బట్టను ఉతికి చలువ చేసేవాళ్ల పేటే ఇప్పటి వాషర్‌మన్‌పేట, నేతగాళ్ల కోసం కట్టిన ఊరే చింతాద్రిపేట. ఆ గళ్ల గుడ్డ రంగు వదులుతుందని అందరికీ తెలుసు. 1960ల్లో అమెరికాలో దాన్ని లోపంగా దాచకుండా ‘రంగు వదలడం గ్యారంటీ’ అని ప్రకటనలిచ్చి మరీ అమ్మారు. అమ్మడం అంటే అది! మనకు అంత తెలివి అక్కర్లేదు. పాత లుంగీ కోసే ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కండి. రంగు అంటితే వేరుగా ఉతకండి, అయినా వదిలితే ముదురు రంగు గుడ్డల పక్కనే వాడండి.

మా పెరంబూరు వైపు పాత ఇళ్లలో ఇంకో నిధి ఉంది. బిన్నీ మిల్లు ఖాకీ. బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ మిల్స్ అని పూర్తి పేరు, 1996లో మూతబడింది. మన దేశంలో తొలి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ 1918లో పుట్టింది అక్కడి పనివాళ్లతోనే. ఆ మిల్లు ఖాకీ డ్రిల్ నిక్కర్లు, ప్యాంట్లు ఇప్పటికీ ఏ అటక మీదో దొరుకుతుంటాయి. రంగు వెలిసినా గుడ్డ వెలవదు. కూరగాయల సంచికి అడుగు, మిషన్ మీద కప్పు, కత్తెరలు పెట్టుకునే ఒర, వేటికైనా అదే. మందంగా ఉంటుంది గనుక పదహారో నంబర్ సూది పెట్టాలి, మోటారు నమ్ముకోకుండా మడతల దగ్గర చేత్తో చక్రం తిప్పాలి. టెర్రికాటన్ ప్యాంట్లు కూడా పారేయొద్దు. ఇస్త్రీ పెట్టె వేడి తగ్గించుకుంటే చాలు, లేదంటే కరిగి అంటుకుంటుంది. దుప్పటి మధ్యలో పలచబడితే నిలువుగా మధ్యకు కోసి, గట్టిగా ఉన్న రెండు పక్క అంచులను మధ్యకు తెచ్చి కలపండి, పలచని వైపు పరుపు కిందికి పోతుంది. ప్యాంటు జిప్పు, చొక్కా గుండీలు, కర్టెన్ రింగులు తీసి పెట్టుకుంటే వాటి కోసం సౌకార్‌పేట బజారు సందుల్లో ఎండలో తిరిగే పని తప్పుతుంది. దోమతెర చిరిగితే ఉల్లిపాయల సంచి.

ఇవన్నీ చెప్పి ‘మన పెద్దవాళ్లు ఎంత గొప్పవాళ్లో’ అని ముగించేవాళ్లంటే నాకు పడదు. అమ్మమ్మ బొంత కుట్టింది కొత్త దుప్పటి కొనే డబ్బులు లేక. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నడుం నొప్పితో కుట్టింది. ఆ పనికి ఎవరూ కూలి ఇవ్వలేదు, పని అని కూడా అనలేదు. మాసిక వేసిన చొక్కాతో స్కూలుకెళ్లిన పిల్లాడికి వెనక బెంచీలోంచి నవ్వులు వినబడేవి. ఇప్పుడు అదే మాసిక రంగు దారంతో పైకి కనబడేలా వేస్తే ఫ్యాషన్. డబ్బున్నవాడి చొక్కాకు పడితేనే మాసికకు అందం వస్తుందన్నమాట. అందుకని మాసిక వేయొద్దనను. మీ ఇంట్లో ఆ పని మళ్లీ అమ్మ నెత్తినో భార్య నెత్తినో పడుతోందా అని మాత్రం చూసుకోండి. సూదిలో దారం ఎక్కించడం మగవాళ్లకూ వస్తుంది, మన వీధి టైలర్లంతా మగవాళ్లే. కుట్టడం రాకపోతే ఆ చెట్టు కింది టైలర్‌కు ఇవ్వండి. యాభై రూపాయలు అడిగితే నలభై అనకండి.

పర్యావరణం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే స్టాళ్ల మీద రాసేది ఎక్కువగా అదే. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. 2021 డిసెంబర్‌లో ‘మీండుమ్ మంజప్పై’ అని పసుపు గుడ్డసంచిని మళ్లీ వాడుకలోకి తెచ్చే కార్యక్రమం మొదలైంది. మంచి మాటే. కానీ ఆ తర్వాత ప్రతి సభలో, ప్రతి పెళ్లిలో, ప్రతి ఆఫీసు మీటింగులో కొత్త గుడ్డసంచి చేతిలో పెడుతున్నారు. మా తలుపు వెనక మేకుకు వేలాడేవాటిలో సగం ఒక్కసారి కూడా బజారు మొహం చూడలేదు. 2018లో డెన్మార్క్ పర్యావరణ విభాగం ఒక లెక్క తేల్చింది. కొత్త నూలు సంచి ఒక పలచటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే, వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే 52 సార్లు, నీళ్లూ మిగతా ప్రభావాలూ అన్నీ కలిపితే 7,100 సార్లు వాడాలి. రోజూ వాడినా 19 ఏళ్లు దాటుతుంది. ప్లాస్టిక్ మన కాలువల్లో అడ్డుపడే సంగతి ఆ లెక్కలో పెద్దగా లేదు, కనుక ప్లాస్టిక్కే మేలని నేననను. కానీ చివికిన దుప్పటితో కుట్టిన సంచికి ఈ లెక్క మొత్తం వర్తించదు. ఆ నూలు పండించిన నీళ్ల బాకీ దుప్పటిగా ఉన్నప్పుడే తీరిపోయింది. కట్టుకోగలిగే పట్టుచీరను సంచి చేస్తే ఆ బాకీ తీరకుండానే ఇంకో వస్తువు పుట్టినట్టు, పైగా ఆ చీర స్థానంలో ఎవరో ఇంకో కొత్త చీర కొంటారు.

భోగికి పాతబట్టలు మంటలో వేసే అలవాటు మనకూ ఉంది, తమిళులకూ ఉంది. 2018 భోగి రోజు ఆ పొగ మంచుతో కలిసి చెన్నైలో విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నింటిని దారి మళ్లించారు. అందులో టైర్లూ ప్లాస్టిక్కూ ఎక్కువనుకోండి. అయినా ఒక పాత లుంగీ మంటలో వేసే ముందు అది గలీబు అవుతుందేమో చూడొచ్చు కదా. కొలతలు పెద్ద కష్టం కాదు, లుంగీ అడ్డం చాలు, ఒక పక్క మడత ఎక్కువ వదిలితే గుండీలు కూడా అక్కర్లేదు. మొదటిసారి కుట్టేవాళ్లు దానితోనే మొదలుపెట్టాలి. పాడైతే మసిగుడ్డ, నష్టం లేదు.

ఈ ఏడాది డిసెంబర్‌లో మీరు స్టాల్ ముందు ఆగితే ధర అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి. ‘ఈ చీర చిరిగితే కోశారా, కోయడానికే కొన్నారా?’ మొన్న నేనడిగితే ఒకామె తడబడకుండా లోపలి నుంచి చీలిన మడత ముక్క తెచ్చి చూపించింది, ఆమె దగ్గర తాంబూలం సంచులు కొన్నాను. పక్క స్టాల్ ఆయన ‘నిండు చీర కావాలంటే అదీ ఉంది మేడమ్, ఇంకా కోయలేదు’ అన్నాడు. రేటు ఎంతో కనుక్కుని వదినకు ఫోన్ చేశాను.